వాలుచూపుతో గీసిన దేశపటాలు

విమానంలోని కెమెరాను నిట్టనిలువుగా కిందికి కాకుండా ముందుకో పక్కకో వంచి తీసిన నేల ఫొటోను ఏటవాలు విమాన ఛాయాచిత్రం అంటారు. వంపు ఎక్కువగా ఉండి ఫొటోలో దిగంతం కూడా పడితే దాన్ని హై ఆబ్లిక్ అనీ, దిగంతం పడకపోతే లో ఆబ్లిక్ అనీ వృత్తిలో వాళ్లు పిలుస్తారు. ఇందులో ‘హై’కీ విమానం ఎగిరిన ఎత్తుకీ సంబంధం లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొదట పొరబడేది ఇక్కడే.

దేశపటాలు గీసే సర్వే శాఖలకు నిలువు ఫొటో అంటేనే మక్కువ. దాంట్లో స్కేలు ఇంచుమించు అంతటా ఒకటే, ఇంటి వెనక ఇల్లు దాక్కోదు, చూడగానే పటంలా ఉంటుంది. అయినా 1920ల నుంచి 1950ల దాకా కెనడా, అలాస్కా, గ్రీన్‌లాండ్, స్వాల్బార్డ్, అంటార్కిటికా వంటి విశాలమైన చలి ప్రాంతాల తొలి పటాల్లో చాలాభాగం ఏటవాలు ఫొటోల నుంచే పుట్టింది. కారణం నాణ్యత కాదు, చవక. పక్కకు చూసే కెమెరా ఒక్క ప్రయాణంలో ఎంతో నేలను పట్టేస్తుంది. పెట్రోలు మిగులుతుంది, ఎగిరే గంటలు మిగులుతాయి. కానీ ఆకాశంలో మిగిల్చిన ఆ ఖర్చును ఆఫీసులో డ్రాయింగు బల్ల దగ్గర వడ్డీతో సహా కట్టాలి. ఈ పద్ధతి ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు మూలపడింది, మళ్లీ ఎందుకు లేచింది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ వడ్డీ రేటులోనే ఉంది.

ముగ్గు లెక్క

అరుగు మీద కూర్చుని వాకిట్లో వేసిన గళ్ల ముగ్గును చూడండి. దగ్గరి గడి వెడల్పుగా, దూరపు గడి ఇరుకుగా ఉంటుంది. అరుగు నుంచి దూరంగా పోయే గీతలు ఎక్కడో కలవబోతున్నట్టు కనబడతాయి. ముగ్గు వేసినావిడకు మాత్రం గళ్లన్నీ ఒకే కొలత అని తెలుసు. ఏటవాలు ఫొటో నుంచి పటం తీయడమంటే, కంటికి వంకరగా కనబడే ఆ గళ్లను మళ్లీ చదరం చేయడమే.

అందుకు మూడు సంగతులు తెలియాలి. లెన్సు నాభ్యంతరం తయారీదారు చెబుతాడు. విమానం ఎత్తును ఆల్టీమీటరు చూపిస్తుంది. మూడోది కెమెరా వంపు. గాలిలో ఊగే విమానంలో దాన్ని కొలవడం ఎలా? దిగంతమే దారి చూపింది. ఫొటోలో దిగంతం గీత ఎక్కడ పడిందో కొలిస్తే వంపు తెలిసిపోతుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల కనబడే దిగంతం అసలు సమతలం కంటే కొంచెం కిందికి ఉంటుంది. 5,000 అడుగుల ఎత్తు నుంచి చూస్తే ఆ తేడా ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ, 20,000 అడుగుల నుంచి చూస్తే రెండు డిగ్రీల పైచిలుకు. ఆ సవరణ చేసుకుంటే చాలు. నిలువు ఫొటో ఒకటి రెండు డిగ్రీలు పక్కకు ఒరిగితే ఫొటోను చూసి ఆ ఒరుగు పట్టుకోవడం కష్టం. దిగంతం ఉన్న ఏటవాలు ఫొటో తన రసమట్టాన్ని తన వెంటే తెచ్చుకుంటుంది. పటాల పనిలో దీనికి ఉన్న పెద్ద బలం ఇదే.

బలహీనతలు కూడా తక్కువేం కాదు. దూరం పోయేకొద్దీ స్కేలు వేగంగా చిన్నదవుతుంది. కొండ ఉంటే దాని వెనక నేల కనబడదు. పొగమంచో కార్చిచ్చు పొగో ఉంటే ముందుగా పాడయ్యేది ఫొటో పై సగమే.

కొండ లేనిచోట విమానమే కొండ

ఈ విద్యకు మొదటి బడి కెనడా. నిజానికి అక్కడ కథ విమానాల కంటే ముందే మొదలైంది. ఫ్రాన్సులో పుట్టి, ఆ దేశ నౌకాదళంలో పనిచేసి కెనడాకు వలస వచ్చిన ఎడ్వార్ గాస్టన్ డెవిల్ 1885లో ఆ దేశపు సర్వేయర్ జనరల్ అయ్యాడు. రాకీ పర్వతాలను గొలుసులతో, థియోడొలైట్‌తో కొలవడం ఏళ్ల తరబడి సాగే పని. కొద్ది నెలల వేసవిలో అది తెమిలేది కాదు. అందుకని ఆయన కింది సర్వేయర్లు శిఖరాలెక్కి చుట్టూ ఫొటోలు తీసుకు వచ్చేవారు. చలికాలమంతా ఆఫీసులో కూర్చుని ఆ ఫొటోల మీద కోణాలు కొలిచి పటం గీసేవారు. అవన్నీ ఒకరకంగా ఏటవాలు ఫొటోలే. ఎక్కడానికి కొండ దొరికింది కాబట్టి విమానం అవసరం పడలేదు.

రాకీలకు తూర్పున ఉన్న కెనడియన్ షీల్డ్‌లో ఆ కిటుకు పారదు. హడ్సన్ బే చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో పరుచుకున్న పురాతన శిలా ప్రదేశం అది. పెద్ద కొండలు లేవు, ఉన్నవన్నీ చిన్న గుట్టలూ, చిత్తడీ, అడవీ, లెక్కకందని సరస్సులు. ఒట్టావాలో పటం మీద ఆ భాగం చాలావరకు తెల్లగానే ఉండేది. తెల్లగా ఉన్నది కాగితమే, నేల కాదు. క్రీ, డెనె ప్రజలు ఆ సరస్సుల దారుల్లో తరతరాలుగా పడవలు నడుపుతూనే ఉన్నారు. అయితే కార్చిచ్చు కాపలాకు, గనుల వేటకు, అడవి లెక్కలకు ప్రభుత్వానికి కాగితం మీద గీత కావాలి.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక చేతిలో విమానాలున్నాయి, వాటిని నడిపే కుర్రాళ్లున్నారు. నీళ్ల మీద వాలే ఫ్లయింగ్ బోట్‌కు షీల్డ్‌లో ప్రతి సరస్సూ విమానాశ్రయమే. 1924 వేసవిలో బేసిల్ హాబ్స్ నడిపిన వికర్స్ వైకింగ్ ఫ్లయింగ్ బోట్ ఉత్తర మానిటోబా, సస్కాచెవాన్‌ల మీదుగా రెయిన్‌డీర్ సరస్సు ప్రాంతానికి వెళ్లి ఏటవాలు ఫొటోలు తీసుకొచ్చింది. అదే ఏడాది మాంట్రియల్‌లో కెనడియన్ వికర్స్ సంస్థ వెడెట్ అనే చిన్న ఫ్లయింగ్ బోట్‌ను తయారుచేసింది. రెక్కలూ ఇంజనూ వెనక ఉండడం వల్ల ముక్కు దగ్గర నిలబడ్డ ఫొటోగ్రాఫరుకు ముందు మూడు దిక్కులూ అడ్డం లేకుండా కనబడేవి. అతను ఎదురుగా ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఫొటో తీసేవాడు. కొంత దూరం పోయాక మళ్లీ మూడు. ముఖం మీద కొట్టే ఆ గాలిలో బరువైన కెమెరాను దిగంతానికి సమంగా పట్టుకోవడం, దాంట్లో ప్లేటో ఫిల్మో అయిపోతే మార్చడం ఎంత పనో ఊహించుకోవలసిందే.

తరవాతి పని టోపోగ్రాఫికల్ సర్వే కార్యాలయానిది. ఎ. ఎం. నారవే వంటి ఇంజనీర్ల ఆధ్వర్యంలో అక్కడ రూపొందిన పద్ధతికి ‘కెనడియన్ గ్రిడ్’ అని పేరొచ్చింది. ఫలానా ఎత్తు నుంచి ఫలానా వంపుతో చూస్తే నేల మీది చదరపు గళ్లు ఫొటోలో ఏ ఆకారంలో పడతాయో ముందే లెక్కకట్టి, ఆ వంకర గళ్లను పారదర్శకమైన పలక మీద గీసి సిద్ధంగా ఉంచుకునేవారు. ఎత్తు మారితే పలక మారుతుంది, వంపు మారితే మరో పలక. ఫొటోకు సరిపోయే పలకను దిగంతం ఆధారంగా దాని మీద కుదిర్చి, ఒక్కో వంకర గడిలో ఉన్న సరస్సు అంచును కాగితం మీద అదే వరుసలోని చదరపు గడిలోకి ఎక్కించేవారు. బడిలో బొమ్మను గళ్లు గీసి పెద్దది చేసినట్టే. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఓపికున్న డ్రాఫ్ట్స్‌మన్, బల్ల, పలకల పెట్టె ఉంటే సరి.

గ్రిడ్ పద్ధతి నేల సమతలంగా ఉందని ముందే అనుకుంటుంది. ఎక్కడైనా ఇది పెద్ద దోషమే, షీల్డ్‌లో మాత్రం చెల్లిపోయింది. పటం మీద చూపించవలసిన ముఖ్యమైన గీతలన్నీ సరస్సుల ఒడ్లు. సరస్సు ఒడ్డు కంటే సమతలమైన గీత ప్రకృతిలో మరొకటి లేదు. ఒక్క సరస్సుకు గళ్లు సరిగ్గా అమరితే దాని ఒడ్డు మొత్తం సరిగ్గా వస్తుంది. నేల మీద తిరిగే సర్వేయర్లు ముఖ్యమైన నీటి దారుల వెంట పడవల్లో పోతూ కొలతలు తీసి, అక్కడక్కడా నక్షత్రాలను చూసి అక్షాంశ రేఖాంశాలు నిర్ణయించేవారు. ఫొటోల నుంచి వచ్చిన గీతలను ఆ బిందువులకు కట్టేసేవారు. ఇంచికి నాలుగు మైళ్ల స్కేలు షీట్లకు ఆ ఖచ్చితత్వం చాలు. ఒక నేలకు సరిగ్గా అతికిన పద్ధతి మరో నేలకు అతకకపోవచ్చునని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. ఇదే గ్రిడ్‌ను మన తూర్పు కనుమల మీద వాడి ఉంటే సగం లోయలు మాయమై, మిగిలిన సగం పక్క లోయల్లోకి జరిగి ఉండేవి.

1930ల్లో కెనడా సైన్యపు పటాల విభాగాన్ని నడిపి, విమాన ఫొటోల పనిని ముందుకు తీసుకెళ్లిన ఇ. ఎల్. ఎం. బర్న్స్ తరవాత రోజుల్లో వేరే కారణానికి ప్రసిద్ధుడయ్యాడు. 1956 సూయెజ్ సంక్షోభంలో ఏర్పడ్డ ఐక్యరాజ్యసమితి శాంతిదళానికి మొదటి సేనాధిపతి ఆయనే. భారత సైనికులు కూడా పనిచేసిన దళం అది.

మూడు కళ్ల కెమెరా

ఒకే కెమెరాను వంచడం కాకుండా నిలువు, ఏటవాలు లెన్సులను జతచేస్తే రెండింటి లాభమూ దక్కుతుందన్న ఆలోచన పాతదే. ఆస్ట్రియాకు చెందిన థియొడోర్ షైంప్‌ఫ్లుగ్ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలోనే నడుమ ఒకటి, చుట్టూ ఏడు లెన్సులతో కెమెరా తయారుచేశాడు. అమెరికాలో జేమ్స్ బాగ్లీ మూడు లెన్సుల కెమెరాను పటాల పనిలోకి తెచ్చాడు. 1926లో అమెరికా నౌకాదళం ఆగ్నేయ అలాస్కాను ఫొటో తీసింది అలాంటి కెమెరాలతోనే.

అసలు ఊపు రెండో ప్రపంచయుద్ధం వల్ల వచ్చింది. 1941-42 నాటికి అమెరికా సైనిక విమానాలు అలాస్కా మీదుగా, పసిఫిక్ మీదుగా, ఎన్నడూ పోని దేశాల మీదుగా ఎగరాల్సి వచ్చింది. పైలట్ల చేతిలో పెట్టడానికి చార్టులు లేవు. భూగర్భ సర్వే సంస్థలోని అలాస్కా విభాగం, వైమానిక దళం కలిసి స్థిరపరచిన పద్ధతి ట్రైమెట్రొగన్. బాష్ అండ్ లాంబ్ సంస్థ తయారుచేసిన మెట్రొగన్ అనే ఆరంగుళాల వెడల్పు కోణపు లెన్సులున్న మూడు కెమెరాలను ఒకే విమానంలో బిగిస్తారు. ఒకటి సూటిగా కిందికి, మిగిలిన రెండూ నిలువు గీతకు 60 డిగ్రీల వంపులో చెరో పక్కకు చూస్తాయి. మూడూ ఒకేసారి మీట నొక్కినట్టు తెరుచుకుంటాయి. ఎడమ దిగంతం నుంచి కుడి దిగంతం దాకా నేలంతా మూడు ఫొటోల్లో పడుతుంది. నిలువు ఫొటో అంచూ పక్క ఫొటోల అడుగూ కొంతమేర ఒకదాని మీద ఒకటి వస్తాయి కాబట్టి వాటిని కలపడం సులువు.

దీని లాభం అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. విమానం 20,000 అడుగుల ఎత్తున, అంటే సుమారు 6,100 మీటర్ల ఎత్తున ఎగురుతోందనుకుందాం. తొమ్మిదంగుళాల చదరపు ఫిల్మ్ మీద నిలువు కెమెరా పట్టే నేల వెడల్పు దాదాపు 9 కిలోమీటర్లు. పక్క వరుసతో కొంత అతుకు ఉండాలి కాబట్టి నిలువు ఫొటోలతోనే పని నడిపితే ప్రతి ఆరు కిలోమీటర్లకూ ఒకసారి ఎగరాలి. ట్రైమెట్రొగన్‌తో వరుసల మధ్య 40 కిలోమీటర్లు వదలవచ్చు. అంటే ఆరు ప్రయాణాల పని ఒక్కదాంతో సరి. ఇక వడ్డీ సంగతి. నిలువు ఫొటో స్కేలు 1:40,000 అయితే పక్క ఫొటో నడిమధ్యన అది 1:80,000కు పడిపోతుంది. 20 కిలోమీటర్ల దూరాన ఉన్న నేలకు అది సుమారు 1:1,33,000. అక్కడ 300 మీటర్ల కొండ ఉంటే దాని వెనక కిలోమీటరు దాకా నేల కనబడదు. వైమానిక చార్టుల స్కేలు 1:10,00,000 కాబట్టి ఈ లోపాలన్నీ దాంట్లో ఇమిడిపోయాయి. పైలట్‌కు కావలసింది నది మలుపూ, కొండ వరుసా, తీరరేఖా. పొలం హద్దు కాదు.

ఈ ఫొటోల కోసం బి-17, బి-24, బి-29 బాంబర్లను కూడా మార్చి, ఎఫ్-9, ఎఫ్-7, ఎఫ్-13 అని కొత్త పేర్లు పెట్టారు. ఆఫీసుల్లో రెక్టొబ్లిక్ ప్లాటర్, ఫొటోయాంగ్యులేటర్, స్కెచ్‌మాస్టర్ అనే పరికరాలు పుట్టుకొచ్చాయి. కాగితం మీద చేయవలసిన త్రికోణమితిని ఇనుప చట్రాలతో, జారే చేతులతో చేయించిన యంత్రాలవి. లెక్క తెలియనివాళ్లకు కూడా కొద్ది రోజుల్లో వాటి వాడకం నేర్పవచ్చు. యుద్ధకాలంలో కావలసిందీ అదే.

యుద్ధం తరవాత కెనడా తన ఉత్తరాది దీవుల పటాలకు ఇదే పద్ధతి ఎత్తుకుంది. అప్పటికి కూడా పటంలో ఎంత లోటు ఉండేదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1948లో కెనడా వైమానిక దళపు లాంకాస్టర్ విమానం ఫాక్స్ బేసిన్ మీద ఎగురుతూ పటంలో లేని దీవిని చూసింది. 1932లో ఒక టగ్‌బోట్ కెప్టెన్ దాన్ని చూశాడు గానీ ఆ మాట పటం దాకా రాలేదు. విస్తీర్ణం దాదాపు 9,500 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే పెద్దది. ఆ ఏడాది నవంబరులో పుట్టిన రాకుమారుడి పేరిట దానికి ప్రిన్స్ చార్లెస్ దీవి అని పేరు పెట్టారు.

నేల మీద మేకు లేకపోతే

ఫొటోలు ఎన్ని ఉన్నా, నేల మీద స్థానం తెలిసిన బిందువులు లేకపోతే పటం గాలిలో వేలాడుతుంది. 1938-39లో ష్వాబెన్‌లాండ్ ఓడలో అంటార్కిటికాకు వెళ్లిన జర్మన్ బృందం రెండు డోర్నియర్ వాల్ విమానాలతో 11,000కు పైగా ఏటవాలు ఫొటోలు తెచ్చింది. నేల మీద కంట్రోల్ బిందువులు లేనందువల్ల ఆ పర్వతాల స్థానాలు చాలాచోట్ల తప్పాయి. కొన్నింటిని తరవాతివాళ్లు గుర్తుపట్టడమే కష్టమైంది. 1946-47లో అమెరికా నౌకాదళం ఆపరేషన్ హైజంప్ పేరుతో ఇంకా భారీగా దిగి 70,000 దాకా ఫొటోలు తీసింది. అప్పుడూ అదే చిక్కు. ఆ ఫొటోలకు నేల మీద ఆధారాలు వెతకడానికే మరుసటి ఏడాది హెలికాప్టర్లతో ఇంకో యాత్ర పంపాల్సి వచ్చింది. మేకులు కొట్టకుండానే పందిరి వేసిన కథ ఇది. ఎనిమిదేళ్ల తేడాలో రెండు దేశాలు అదే పొరపాటు చేశాయి.

స్వాల్బార్డ్‌లో నార్వే వాళ్లు ముందుచూపుతో నడిచారు. బెర్న్‌హార్డ్ లుంకె నాయకత్వంలో 1936లోనూ 1938లోనూ నౌకాదళపు సీప్లేన్ నుంచి అయిదు వేలకు పైగా ఏటవాలు ఫొటోలు తీసి, నేల సర్వేతో జతచేసి 1:1,00,000 పటాలు వేశారు. గ్రీన్‌లాండ్‌లో డెన్మార్క్ జియోడెటిక్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ దశకంలో ఇదే దారి పట్టింది. నిటారు మంచు గోడలూ ఇరుకు ఫియర్డులూ ఉన్నచోట పక్క చూపుకు ఇంకో సుగుణం ఉంది. నిలువు ఫొటోలో గీతలా కనబడే కొండ గోడ ఏటవాలు ఫొటోలో నిండుగా కనబడుతుంది.

1950ల నుంచి బేరం తిరగబడింది. ఇంకా ఎత్తున ఎగిరే విమానాలు, మెరుగైన వెడల్పు లెన్సులు, రెండు నిలువు ఫొటోల జంట నుంచి ఎత్తుల గీతలు నేరుగా గీసే స్టీరియో ప్లాటర్లు వచ్చాయి. కెనడా ఉత్తరాదిలో షొరాన్ అనే రేడియో దూరమాపకంతో కంట్రోల్ బిందువుల కొరత కూడా తీరింది. ఆకాశంలో ఖర్చు తగ్గి, బల్ల దగ్గర జీతాలు పెరిగినప్పుడు ఏటవాలు ఫొటోను ఎవరు పట్టించుకుంటారు? 1972లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఎగిరాక చిన్న స్కేలు పటాలకు దాని అవసరమే పోయింది.

బల్ల పని కంప్యూటరు చేతికి

ఈ శతాబ్దంలో బల్ల పని ఇంచుమించు ఉచితమైపోయింది. వేల ఫొటోల్లో ఉమ్మడిగా కనబడే చుక్కలను కంప్యూటరే వెతికి, ప్రతి ఫొటో ఎక్కడి నుంచి ఏ వంపులో తీశారో తేల్చి, నేల ఆకారాన్ని మూడు కొలతల్లో నిలబెడుతుంది. మూలపడ్డ పెట్టెలు తెరుచుకున్నాయి. 2012లో డానిష్ పరిశోధకులు 1930ల గ్రీన్‌లాండ్ ఏటవాలు ఫొటోలను బయటికి తీసి, ఆగ్నేయ తీరంలోని 132 హిమానీనదాలు ఎనభై ఏళ్లలో ఎంత వెనక్కి తగ్గాయో కొలిచారు. 2022లో స్వాల్బార్డ్ ఫొటోల నుంచి దాదాపు 1,600 హిమానీనదాల 1936 నాటి ఉపరితలాన్ని మళ్లీ కట్టారు. ఒట్టావాలో 1925లో మొదలైన జాతీయ విమాన ఫొటోల గ్రంథాలయంలో ఇప్పుడు అరవై లక్షలకు పైగా చిత్రాలున్నాయి. గనుల కోసం తీసిన ఫొటోలో నది పాత పాయనూ, కాలిన అడవి పాత అంచునూ వెతుక్కునేవాళ్లు అక్కడికి వస్తున్నారు.

కొత్త ఫొటోలు కూడా మళ్లీ వంపు తిరిగాయి, ఈసారి నగరాల కోసం. కిందికి ఒక కెమెరా, నాలుగు దిక్కులకూ సుమారు 45 డిగ్రీల వంపులో నాలుగు కెమెరాలు ఉన్న అమరిక ఇప్పుడు మామూలైపోయింది. అమెరికాలో రోచెస్టర్ నగరానికి చెందిన పిక్టోమెట్రీ సంస్థ దీన్ని కౌంటీల పన్ను అధికారుల దాకా తీసుకెళ్లింది. ఇంటికి ఎన్ని అంతస్తులు, వెనక కొత్త గది ఎప్పుడు లేచింది అన్నవి పైకప్పు చూస్తే తెలియవు, గోడ చూస్తే తెలుస్తాయి. డెన్మార్క్ ప్రభుత్వం 2017 నుంచి రెండేళ్లకోసారి దేశం మొత్తాన్నీ ఇలా అయిదు చూపుల్లో ఫొటో తీయించి అందరికీ ఉచితంగా ఇస్తోంది. అక్కడి మాటలో దాని పేరు స్క్రోఫోటో, అంటే వాలు ఫొటో.

మన దేశంలో టోపోషీట్ల సంప్రదాయం త్రికోణ సర్వే మీదా తరవాత నిలువు ఫొటోల మీదా నిలబడింది. హైదరాబాదుకు ఈ రంగంలో పాత చుట్టరికమే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. 1974లో పుట్టిన జాతీయ దూరసంవేదన సంస్థ బాలానగర్ కేంద్రంగా సర్వే విమానాలు నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు పొలాల మీద తిరిగాయి. పొలానికి నిలువు ఫొటో సరిపోతుంది, గట్టు పైనుంచి గట్టులాగే కనబడుతుంది.

ఊళ్లోకి వస్తే చిక్కు మొదలవుతుంది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకంలో గ్రామకంఠంలోని ఇళ్లకు డ్రోన్ ఫొటోల ఆధారంగా ఆస్తి కార్డులు ఇస్తున్నారు. పెంకుటింటికి పైనుంచి కనబడేది చూరు అంచు. గోడ దానికి అడుగో అడుగున్నరో లోపల ఉంటుంది. ఇరుకు సందుల్లో ఎదురెదురు ఇళ్ల చూరులు దాదాపు తాకుతుంటాయి, సందు అసలు కనబడదు. వాలు ఫొటోలో గోడ పాదం కొంత కనబడుతుంది. అదీ అందనిచోట పాత పద్ధతే. డ్రోన్ ఎగిరే ముందు సర్వే సిబ్బందీ ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ కలిసి తిరిగి, ఎవరి హద్దు ఎక్కడిదాకానో తేల్చుకుని నేల మీద సున్నంతో గీత గీస్తున్నారు.